ప్లే స్టోర్ లేకుండా యాప్‌లు వేసుకోవాలంటే ముందు సంతకం చూడండి

మీరు అడిగినవి మూడు. గూగుల్ అకౌంట్ లేకుండా యాప్‌లు వేసుకోవాలి, అందుకు ఏ సైటును నమ్మొచ్చు అన్నది ఒకటి. బ్యాంకు, యూపీఐ యాప్‌లను ఏం చేయాలన్నది రెండోది. ఏపీకే (యాప్‌ను నేరుగా వేసుకునే ఫైల్) అనగానే ఖాతా ఖాళీ అయిపోతుందని ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు కాబట్టి ముందు పాత ఫోన్‌లో చేసి చూడొచ్చా అన్నది మూడోది. మొదటి దానికే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ ఏ సైటు అని అడుగుతారు గానీ ఆ ఫైల్ మీద ఎవరి సంతకం ఉందని అడిగేవాళ్లు చాలా తక్కువ.

అంతకన్నా ముందు ఒక మాట. ప్లే స్టోర్ మానేసినంత మాత్రాన ప్రైవసీ వచ్చెయ్యదండీ. ఒక షాపింగ్ యాప్‌లో ఫేస్‌బుక్ ట్రాకింగ్ కోడ్ ఉందనుకోండి, దాన్ని ప్లే స్టోర్ నుంచి వేసుకున్నా ఇంకెక్కడి నుంచి దించుకున్నా ఆ కోడ్ చేసే పని అదే, పంపే సమాచారం అదే. మీకు కలిసొచ్చేదల్లా మీ ఫోన్‌లో ఏమేం యాప్‌లు ఉన్నాయి, ఎప్పుడు వేశారు అనే చిట్టా మీ పేరు మీదున్న గూగుల్ ఖాతాలో చేరకపోవడం. అదీ తక్కువేం కాదు, షుగరు యాప్, గర్భిణుల యాప్, లోన్ యాప్ లాంటివి ఎవరి ఫోన్‌లో ఉన్నాయో తెలిస్తే ఆ మనిషి గురించి సగం తెలిసినట్టే. కానీ పెద్ద లాభం మాత్రం ట్రాకర్లు లేని యాప్‌లకు మారడంలోనే ఉంది. యాప్‌లో ఏ ట్రాకర్లు ఉన్నాయో చూడాలంటే ఫ్రాన్స్‌లోని ఎక్సోడస్ ప్రైవసీ అనే లాభాపేక్ష లేని సంస్థ సైట్లో యాప్ పేరు కొట్టి చూడండి. మీరు రోజూ వాడే నాలుగైదు యాప్‌లకు చూస్తే చాలు, ఏది మార్చాలో మీకే తెలిసిపోతుంది.

ఇక సంతకం సంగతి. ఆండ్రాయిడ్‌లో ప్రతి ఏపీకే మీదా డిజిటల్ సంతకం ఉంటుంది, అది లేని ఫైల్‌ను ఫోన్ అసలు తీసుకోదు. సంతకం పెట్టే రహస్య కీ డెవలపర్ దగ్గర ఉంటుంది, ప్లే స్టోర్ యాప్‌లకైతే చాలావరకు గూగుల్ దగ్గరే ఉంటుంది. ఎవరైనా మధ్యలో ఆ ఫైల్‌లో ఏ కాస్త మార్చినా పాత సంతకం చెల్లదు, మార్చినవాడు తన సొంత కీతో మళ్లీ సంతకం పెట్టుకోవాల్సిందే. ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మొదటిసారి యాప్ వేసేటప్పుడు ఫోన్ చూసేది సంతకం చెల్లుతుందా లేదా అన్నంతవరకే, అది ఎవరిదన్నది దానికి తెలియదు. వాట్సాప్ పేరుతో, వాట్సాప్ గుర్తుతో ఎవడో సంతకం పెట్టిన ఫైల్ ఇచ్చినా, ఫోన్‌లో అసలు వాట్సాప్ లేకపోతే, అది వేసేసుకుంటుంది. రెండోసారి నుంచి మాత్రం చాలా గట్టిగా ఉంటుంది: ఉన్న యాప్‌కు అప్‌డేట్ అంటూ వచ్చిన ఫైల్ మీద అదే సంతకం లేకపోతే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని ఆపేస్తుంది.

కాబట్టి మీ జాగ్రత్తంతా మొదటిసారి వేసేటప్పుడే. ఆ ఒక్కసారి సరైన సంతకం ఉన్న ఫైల్ వేసుకుంటే తర్వాత వచ్చే అప్‌డేట్లకు ఫోనే కాపలా ఉంటుంది. "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని రాగానే పాతది తీసేసి కొత్తది వేసుకోండి అని యూట్యూబ్‌లో సలహాలు ఇస్తుంటారు, దయచేసి అలా చెయ్యకండి. పాతది తీసేస్తే పోల్చడానికి సంతకమే మిగలదు, అంటే ఉన్న కాపలా మీరే తీసేసినట్టు. ప్లే స్టోర్‌లో వేసుకున్న యాప్‌ను ఎఫ్-డ్రాయిడ్ (ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ కనిపించే యాప్‌ల స్టోర్) వెర్షన్‌కు మార్చుకునేటప్పుడు మాత్రం సంతకాలు వేరు కావడం మామూలే, అప్పుడు డేటా బ్యాకప్ తీసుకుని, మీరు ఎక్కడి నుంచి ఎక్కడికి మారుతున్నారో తెలిసి చెయ్యండి.

మన దగ్గర చాలా ఫోన్లలో కనిపించే జీబీ వాట్సాప్ లాంటి మోడ్‌లు (అసలు యాప్‌ను బయటివాళ్లు మార్చి తయారుచేసినవి), "ప్రీమియం అన్‌లాక్డ్" ఏపీకేలు ఇందుకే వద్దంటాను. వాటిలో ఏమైనా ఉందని నేను చూసి చెప్పనక్కర్లేదు, మార్చిన ఫైల్ కాబట్టి దాని మీద అసలు డెవలపర్ సంతకం ఉండే అవకాశమే లేదు, అది వేసుకుంటే మీ మెసేజ్‌లన్నీ ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టినట్టే. 2021 ఆగస్టులో ఎఫ్‌ఎం వాట్సాప్ అనే మోడ్‌లో ట్రయాడా అనే ట్రోజన్ (మామూలు యాప్‌లో దాక్కుని హాని చేసే కోడ్) ఉందని సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్లు బయటపెట్టారు, 2022లో యో వాట్సాప్ సంగతి కూడా వాళ్లే చెప్పారు. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనపడకుండా, బ్లూ టిక్‌లు దాచుకుంటూ ప్రైవసీ కోసం అని ఇవి వేసుకునేవాళ్లున్నారు, వాళ్లు కోరుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతోంది.

సంతకం సరిచూడటం కష్టమేం కాదు. బాధ్యత ఉన్న డెవలపర్లు తమ సైట్లో సర్టిఫికెట్ వేలిముద్రను (ఆ సంతకాన్ని గుర్తుపట్టే పొడవాటి కోడ్) షా-256 రూపంలో పెడతారు, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాళ్లు తమ ఏపీకే డౌన్‌లోడ్ పేజీలోనే పెట్టారు. ఫోన్‌లో యాప్‌వెరిఫైయర్ అనే చిన్న ఓపెన్ సోర్స్ యాప్ ఉంటే ఆ ఏపీకేను దానికి షేర్ చేసి రెండు వేలిముద్రలూ పోల్చుకోవచ్చు. కంప్యూటర్ అలవాటున్నవాళ్లకు ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్స్‌తో వచ్చే ఏపీకేసైనర్ అదే పని చేస్తుంది. ఒక తికమక ఉంటుంది ఇక్కడ: కొన్ని సైట్లలో ఇచ్చే షా-256 ఆ ఫైల్‌ది, అది ప్రతి వెర్షన్‌కూ మారుతుంది, దించుకునేటప్పుడు ఫైల్ పాడవలేదని చెప్పడానికి పనికొస్తుంది. మీకు కావాల్సింది సర్టిఫికెట్‌ది, అది వెర్షన్లు మారినా సాధారణంగా మారదు. ఇంకో సంగతి, ఏపీకే ఎక్కడ దించుకున్నారో వేలిముద్ర కూడా అక్కడే చూసి తృప్తి పడొద్దు, ఆ సైటునే ఎవరైనా చేతుల్లోకి తీసుకుంటే రెండూ కలిపి మార్చేస్తారు. డెవలపర్లు కోడ్ పెట్టే సైటు గిట్‌హబ్ పేజీలోనో, డెవలపర్ వేరేచోట పెట్టిన పోస్టులోనో రెండోసారి చూసుకోండి.

ఇప్పుడు ఎక్కడి నుంచి అన్న ప్రశ్న. నా జవాబు ముందు ఎఫ్-డ్రాయిడ్, అక్కడ దొరకనిది నేరుగా డెవలపర్ దగ్గర, ఆ రెండిట్లోనూ లేనిది అరోరా స్టోర్. ఈ వరుస దాటి వెళ్లాల్సిన అవసరం మామూలు మనిషికి చాలా అరుదు.

ఎఫ్-డ్రాయిడ్ 2010 నుంచి ఉంది, వాలంటీర్లు నడుపుతారు, ఓపెన్ సోర్స్ యాప్‌లే ఉంటాయి, లాగిన్ అనేదే లేదు. మిగతా స్టోర్లకూ దీనికీ అసలు తేడా ఏంటంటే, డెవలపర్ ఇచ్చిన ఏపీకేని అలాగే పెట్టెయ్యకుండా, అందరికీ కనిపించే సోర్స్ కోడ్ తీసుకుని వాళ్లే యాప్ తయారుచేస్తారు. చాలావాటి మీద ఎఫ్-డ్రాయిడ్ సంతకమే ఉంటుంది, కొన్నిటికి మాత్రం తాము తయారుచేసిన ఫైల్ డెవలపర్ ఫైల్‌తో సరిగ్గా సరిపోయిందని చూసుకుని డెవలపర్ సంతకంతోనే ఇస్తారు. ప్రకటనలున్నా, ట్రాకింగ్ ఉన్నా, సొంత సర్వర్ మీదే ఆధారపడినా ఆ యాప్ పేజీలోనే "యాంటీ ఫీచర్స్" అని రాసి పెడతారు, అది చదవకుండా ఇన్‌స్టాల్ నొక్కొద్దు. లోపాలూ ఉన్నాయి. అప్‌డేట్లు డెవలపర్ విడుదల చేసిన కొన్ని రోజులకు గానీ రావు, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని యాప్‌లు కూడా జాబితాలో పడి ఉంటాయి, కాబట్టి చివరి అప్‌డేట్ తేదీ చూడండి. ఇంకా వేరేవాళ్ల రెపోలు (వాళ్లు నడిపే యాప్‌ల జాబితాలు) కూడా అందులో కలుపుకోవచ్చు, కలిపిన ప్రతిదాన్నీ మీరు విడిగా నమ్ముతున్నట్టే లెక్క.

ఎఫ్-డ్రాయిడ్ వేసుకున్నాక మొదట మార్చాల్సింది కీబోర్డు అని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు టైప్ చేసే ప్రతి అక్షరం దాని గుండా పోతుంది. హెలీబోర్డు అనే కీబోర్డుకు ఇంటర్నెట్ పర్మిషనే లేదు. అయితే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగులో తెప్పించుకునే అలవాటుంటే అది మీకు ఇబ్బంది, ఇండిక్ కీబోర్డు వేసుకోండి. మ్యాపులకు ఆర్గానిక్ మ్యాప్స్, పాస్‌వర్డ్‌లకు కీపాస్‌డీఎక్స్, ఓటీపీ కోడ్‌లకు ఏజిస్, పాడ్‌కాస్ట్‌లకు యాంటెన్నాపాడ్, ఇవి బాగున్నాయి. మన ఊళ్లలో సందుల పేర్లు, చిన్న కొట్లు గూగుల్ మ్యాప్స్‌లో దొరికినంతగా ఆర్గానిక్ మ్యాప్స్‌లో దొరకవు, ఆ విషయం తెలిసే వేసుకోండి.

గ్యాలరీ, ఫైల్ మేనేజర్, క్యాలెండర్ లాంటివాటికి ఫాసిఫై యాప్‌లు తీసుకోండి. వీటి వెనక ఒక కథ ఉంది, మీకు పనికొస్తుంది. సింపుల్ మొబైల్ టూల్స్ అని ప్రకటనలు లేని మంచి ఓపెన్ సోర్స్ యాప్‌లు ఉండేవి, చాలామంది ఏళ్లపాటు వాడారు. 2023 చివర్లో వాటిని జీపోయాప్స్ అనే కంపెనీకి అమ్మేశారు. పాత కోడ్‌తో అందులో పనిచేసినవాళ్లు ఫాసిఫై పేరుతో విడిగా కొనసాగిస్తున్నారు. యాప్‌ను అమ్మితే కీ కూడా కొన్నవాళ్ల చేతికి పోతుంది, బోర్డు మారకుండా కొట్టు చేతులు మారినట్టు, ఫోన్ మాత్రం అదే సంతకం కదా అని అప్‌డేట్ వేసేసుకుంటుంది. సంతకం చూడమని ఇంతసేపు చెప్పాను గానీ దానికి ఈ హద్దు ఉంది. అందుకే సోర్స్ నుంచి తయారుచేసే ఎఫ్-డ్రాయిడ్‌ను ముందు పెట్టాను, కోడ్ మూసేస్తే అక్కడ కొత్త వెర్షన్ రావడమే ఆగిపోతుంది.

ఎఫ్-డ్రాయిడ్‌లో లేని ఓపెన్ సోర్స్ యాప్ అయితే డెవలపర్ గిట్‌హబ్ పేజీ నుంచో సొంత సైటు నుంచో తీసుకోండి. వాటికి అప్‌డేట్లు ఎవరు చూస్తారు అనేది పెద్ద బెడద, ఏపీకే వేసి మర్చిపోతే రెండేళ్ల పాత లోపాలతో అలాగే ఉండిపోతుంది. దీనికి అబ్టైనియం అనే యాప్ ఉంది, డెవలపర్ విడుదల పేజీ లింకు ఇస్తే కొత్త వెర్షన్ రాగానే చెబుతుంది, అక్కడి నుంచే నేరుగా తెస్తుంది. లింకు మాత్రం గూగుల్ సెర్చ్‌లో పైన వచ్చిందని పెట్టకండి, ప్రాజెక్టు అసలు సైటుకు వెళ్లి అక్కడి నుంచి గిట్‌హబ్‌కు వెళ్లండి, అదే పేరుతో నకిలీ గిట్‌హబ్ పేజీలు తయారుచేసే పని చాలా తేలిక.

అరోరా స్టోర్ అనేది ప్లే స్టోర్‌లోని ఉచిత యాప్‌లను మీ అకౌంట్ లేకుండా తెచ్చే యాప్, ఫైళ్లు గూగుల్ సర్వర్ల నుంచే వస్తాయి కాబట్టి సంతకం అసలైనదే. ఉమ్మడి అనామక ఖాతాలతో నడుస్తుంది, అప్పుడప్పుడు లాగిన్ దొరకదు, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. ఇది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, అందుకే ఇందులో మీ సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వొద్దు. ఏపీకేమిర్రర్ సంగతి కూడా అడుగుతారు: పెట్టే ఫైల్ సంతకం అంతకుముందు వెర్షన్‌తో సరిపోతుందా అని వాళ్లు చూస్తారు, పాత వెర్షన్ తప్పనిసరి అయినప్పుడు వాడుకోవచ్చు. మిగతా ఏపీకే సైట్ల జోలికి పోవద్దు. 2021 ఏప్రిల్‌లో ఏపీకేప్యూర్ సొంత యాప్‌లోనే, 3.17.18 వెర్షన్‌లో, ప్రకటనల కోడ్ ద్వారా హానికరమైన కోడ్ వచ్చి చేరింది, కాస్పర్‌స్కీ చెప్పాక సరిచేశారు. స్టోర్ యాప్‌కు ఇతర యాప్‌లు వేసే అనుమతి ఉంటుంది, అలాంటి చోట తేడా వస్తే నష్టం ఏ స్థాయిలో ఉంటుందో ఆలోచించండి. ఫోన్‌పే వాళ్లు 2024లో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్ తెలుగులో కూడా ఉంది, కానీ అది గూగుల్‌కు వ్యాపార పోటీగా వచ్చింది, మీరు అడుగుతున్న అవసరానికి అది జవాబు కాదు.

బ్యాంకు, యూపీఐ యాప్‌ల దగ్గర నేను రాజీ పడతాను, మీరూ పడండి. వాటిని ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. డబ్బున్న యాప్‌కు భద్రతా అప్‌డేట్ ఆలస్యం కాకూడదు, పైగా ప్లే ఇంటిగ్రిటీ అనే పద్ధతి ద్వారా తాను ప్లే స్టోర్ నుంచి వచ్చానా లేదా అని యాప్ తెలుసుకోగలదు, కొన్ని యాప్‌లు కాదని తేలితే మొరాయిస్తాయి. అయితే వాటి కోసం ఫోన్ మొత్తాన్ని గూగుల్ ఖాతాకు అప్పగించనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 15 నుంచి "ప్రైవేట్ స్పేస్" (ఫోన్‌లోనే తాళం వేసుకునే వేరే అర) ఉంది, మీ ఫోన్ కంపెనీ దాన్ని ఇచ్చి ఉంటే అందులో వేరే గూగుల్ ఖాతా పెట్టి బ్యాంకు యాప్‌లు అక్కడే ఉంచండి. లేకపోతే షెల్టర్ అనే యాప్‌తో వర్క్ ప్రొఫైల్ అనే అలాంటి వేరే అర తయారుచేసుకోవచ్చు. ఒక ప్రొఫైల్‌లోని యాప్‌కు ఇంకో ప్రొఫైల్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు మామూలుగా కనిపించవు.

ఫోన్ సెట్టింగుల్లో చూసుకోవాల్సినవి కొన్ని. ఆండ్రాయిడ్ 8 నుంచి తెలియని యాప్‌లు వేసే అనుమతి ఒక్కో యాప్‌కు విడివిడిగా ఇవ్వాలి. క్రోమ్‌తో ఎఫ్-డ్రాయిడ్ దించుకుని వేశాక క్రోమ్‌కు ఇచ్చింది వెంటనే తీసెయ్యండి, ఎఫ్-డ్రాయిడ్, అబ్టైనియం, అరోరాలకు మాత్రమే ఉంచండి. వాట్సాప్‌కు, టెలిగ్రామ్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఎప్పటికీ ఇవ్వొద్దు. ఫోన్‌లోని యాప్‌లను పరీక్షించే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపెయ్యమని ప్రైవసీ కోరుకునేవాళ్లే చెబుతుంటారు, అది మీ యాప్‌ల సమాచారం గూగుల్‌కు పంపుతుంది అన్నది నిజమే, అయినా బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో, ఇంట్లో పెద్దవాళ్లు కూడా తాకే ఫోన్‌లో, దాన్ని ఉంచమనే అంటాను. ముందు చూడని ఏపీకేలను వేసేటప్పుడే స్కాన్ చేసే పద్ధతిని గూగుల్ 2023 అక్టోబరులో మొదట మన దేశంలోనే మొదలుపెట్టింది, ఇక్కడ ఈ మోసాలు ఆ స్థాయిలో ఉన్నాయి. ఇంటర్నెట్ అవసరం లేని యాప్‌కు నెట్ ఆపాలంటే మామూలు ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లలో మీట లేదు, రీథింక్ గానీ నెట్‌గార్డ్ గానీ అనే ఫైర్‌వాల్ యాప్ వేసుకుంటే ఏ యాప్ ఎక్కడికి మాట్లాడుతోందో చూసి ఆపొచ్చు, కాకపోతే అవి వీపీఎన్ స్థానాన్ని వాడుకుంటాయి, అదే సమయంలో ఇంకో వీపీఎన్ నడవదు.

మీ ఇంట్లో వాళ్ల భయం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే, దాన్ని తీసిపారెయ్యకండి. ఆర్టీవో చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ, ఏదో ఒక పేరుతో వాట్సాప్‌లో ఏపీకే వస్తుంది, తరచుగా తెలిసినవాళ్ల నంబర్ నుంచే, ఎందుకంటే అంతకుముందే వాళ్ల ఫోన్ మోసగాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. వేసుకున్నాక ఎస్సెమ్మెస్ అనుమతి, నోటిఫికేషన్లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటి రెండిట్లో ఏదున్నా ఓటీపీ వాళ్లకు చేరుతుంది, మూడోది ఉంటే స్క్రీన్ మీద మీ బదులు వాళ్లే నొక్కగలరు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని ఆపుతుంది. దాన్ని ఎలా దాటాలో ఫోన్‌లో ఎవరైనా ఓపికగా చెబుతున్నారంటే వాడు దొంగే, ఫోన్ పెట్టేయమని అమ్మకూ నాన్నకూ చెప్పండి. ఏ ప్రభుత్వ శాఖా, ఏ బ్యాంకూ వాట్సాప్‌లో ఏపీకే పంపదు.

ఇప్పటికే వేసేసుకుంటే మొదట డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. తర్వాత సేఫ్ మోడ్‌లోకి (మీరు వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ ఆన్ అయ్యే పద్ధతి) వెళ్లి, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారాలున్న యాప్‌ల) జాబితాలో ఆ యాప్ ఉంటే అక్కడ ఆపి, అప్పుడు తీసెయ్యండి. ఫోటోలు, కాంటాక్టులు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా మంచిది. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లో మార్చండి, ఈ ఫోన్‌లో కాదు.

ఇంకో విషయం, ముందుముందు ఈ దారే ఇరుకు కావొచ్చు. గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో, గుర్తింపు నిరూపించుకున్న డెవలపర్ల యాప్‌లే పడేలా చేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. ఇలా అయితే తాము నడవలేమని ఎఫ్-డ్రాయిడ్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత నవంబరులో, తెలిసి రిస్కు తీసుకునేవాళ్లకు వేరే దారి ఉంచుతామని గూగుల్ చెప్పింది. మోసాలు ఆపాలన్న ఉద్దేశాన్ని కాదనలేను, కానీ తన పేరు బయటపెట్టలేని డెవలపర్ ఒక మంచి యాప్ రాస్తే దాన్ని నా సొంత ఫోన్‌లో వేసుకోవడానికి ఒక కంపెనీ అనుమతి కావాలనడం నాకు సమ్మతం కాదు.

చివరిగా పాత ఫోన్. అలవాటు పడటానికి తప్పకుండా వాడండి, రీసెట్ చేసి, గూగుల్ ఖాతా అడిగినచోట స్కిప్ నొక్కి, సిమ్ లేకుండా వైఫై మీద ఎఫ్-డ్రాయిడ్ వేసి చూడండి, సంతకం పోల్చడం కూడా అక్కడే నేర్చుకోండి. కానీ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌ను అసలు ఫోన్‌గా మార్చుకోవద్దు, ఏ యాప్‌లు వేసినా కింద ఉన్న లోపాలు అలాగే ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూసి, మోడల్ పేరుతో పాటు ఇక్కడ పెట్టండి, దానికి ఏం పనికొస్తుందో చూసి చెబుతాను.